గాజుకళ్ళ గదిలో నాలుగో ఊపిరి

నేను అబద్ధాలాడతానని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒకరి కొంప ముంచే అబద్ధాలు కావు. ఉన్న సంగతికి కాస్త తాలింపు వేస్తాను, అంతే. డ్రెస్డెన్‌లో మా తెలుగువాళ్ళ పిక్నిక్కుల్లో పులిహోర గిన్నె ఖాళీ అయ్యాక పిల్లలు నా చుట్టూ చేరతారు. ఎల్బే నదిలో నేను చూసిన మొసలి గురించీ, ట్రాములో నా పక్కన కూర్చుని టికెట్టు చూపించిన నక్క గురించీ చెబుతుంటాను. మాది గోదావరి పక్క. మా ఆవిడది వరంగల్. కొత్తగా వచ్చినవాళ్ళకు నన్ను పరిచయం చేసేటప్పుడు, "ఈయన చెప్పినదాంట్ల సగం తీసెయ్యిన్రి, మిగిలినదాంట్ల సగం నమ్మున్రి" అంటుంది. ఆ లెక్క దీనికీ వేసుకుంటారో లేదో మీ ఇష్టం. ఇందులో మాత్రం నేను తాలింపు వేయలేదు.

నా ఉద్యోగం చిప్పుల ఫ్యాక్టరీలో, వాక్యూమ్ పంపుల దగ్గర. పంపు పాడయ్యే ముందు దాని గొంతు మారుతుంది. మీటరు పసిగట్టడానికి రెండు రోజుల ముందే నా చెవి పసిగడుతుంది. ఇది నిజం. ఈ సంగతి ఎవరి నోటో విని ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

ఆమె డాక్యుమెంటరీలు తీస్తుంది. అరవై దాటిన జర్మన్ మనిషి, పొడగరి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. ముప్పై ఏళ్ళుగా ఆమె తీసినవన్నీ, ఇరుగుపొరుగు కూడా 'ఆ మనిషి సంగతి వదిలెయ్యండి' అనే మనుషుల గురించే. రైళ్ళు ఆగిపోయిన ఓ పల్లె స్టేషనులో రోజూ మూడుసార్లు ప్లాట్‌ఫారం మీద నిలబడి, రాని రైలు వస్తోందని కేకేసే రిటైర్డ్ ఉద్యోగి. డార్మ్‌స్టాట్ దగ్గర, చచ్చిపోయిన తన కవల చెల్లెలికి వచ్చే ఉత్తరాలకు ఇప్పటికీ ఆ చెల్లెలి చేతిరాతతోనే జవాబులు రాసే టీచరమ్మ. ఇక్కడ సమాధి స్థలాన్ని కొన్నేళ్ళకే ఇస్తారు. గడువు తీరాక పొడిగించేవాళ్ళు లేకపోతే రాయి పీకేస్తారు. అలా పీకేసిన రాళ్ళను తెచ్చి, పేర్లు నేలవైపుకు తిప్పి, పెరడంతా పరుచుకున్న రాతిపనివాడొకడు. ఆ పెరట్లో నడుస్తుంటే కాళ్ళు వాటంతటవే మెల్లగా పడతాయి. ఆ వరసలో నేనూ ఒకణ్ణి. పంపుల జబ్బు చెవితో పట్టే ఇండియన్.

నా వంతు వచ్చినప్పుడు కెమెరా ముందు ఊరుకుంటానా? మా తాత ఇత్తడి బిందె చెవికి ఆనించుకుని మూడు రోజుల ముందే వాన చప్పుడు వినేవాడనీ, ఆ విద్య నాకు వచ్చిందనీ చెప్పాను. ఆమె బుద్ధిగా విన్నది. మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ మర్నాడు మళ్ళీ అడిగింది. మూడుసార్లూ ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను. సినిమా తయారయ్యాక చూస్తే మా తాత లేడు.

"ఆయన్ని ఎందుకు తీసేశారు?" అన్నాను.

"మూడు రోజులూ ఆయన బిందెను ఎడమ చెవికే ఆనించాడు" అంది. "నిజం చెప్పే మనిషి చూసింది గుర్తుకు తెచ్చుకుంటాడు, రోజుకో వైపు నుంచి. అబద్ధం చెప్పే మనిషి తను చెప్పింది గుర్తుకు తెచ్చుకుంటాడు."

అదీ ఆమె పద్ధతి. ఏ మనిషినైనా ఒకే ప్రశ్న మూడు వేర్వేరు రోజుల్లో అడుగుతుంది. జవాబు మారితే నమ్ముతుంది.

అంతకు ముందటి వసంతంలో ఆమె భర్త పోయాడు. మొదటి సినిమా నుంచీ ఆమెకు సౌండ్ రికార్డిస్టు ఆయనే. ఆమె చెవులకేమో వయసు మీద పడింది. మాటలు వినబడతాయి గానీ సన్నటి శబ్దాలు పోయాయి. పిట్టల కూత విని ఆరేళ్ళయిందని ఒకసారి మామూలుగా చెప్పింది. అలా శనాదివారాలు ఆమె చెవులు నేనయ్యాను. రెండు ప్రయాణాలయ్యాక ఇక్కడి పద్ధతి ప్రకారం చెయ్యి చాచి, "ఇకనుంచి 'నువ్వు' అనుకుందామా?" అంది. ఈ దేశంలో మీరు నుంచి నువ్వుకు రావడానికి కొందరికి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడకు గొప్పగా చెప్పుకున్నాను.

మా పనిలో ఒక ఆచారం ఉంది. మాటల రికార్డింగు అయిపోయాక, ప్రతి గదిలోనూ ఒక నిమిషం పాటు ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా నిలబడాలి. ఆ గది మౌనాన్ని రికార్డు చేస్తాం. 'ఆట్మో' అంటారిక్కడ. వంటింటి మౌనం వేరు, పడకగది మౌనం వేరు. తర్వాత మాటల మధ్య అతుకులు తెలియకుండా ఆ మౌనాన్ని పరుస్తారు. ఆమె వేళ్ళతో అరవై లెక్కపెట్టి "డాంకె" అంటుంది, థాంక్స్ అని. ఆ మాటతో గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదులుతారు.

నేను చెప్పదలచుకున్నది గాజుకళ్ళావిడ సినిమా గురించి.

తురింగియా కొండల్లో ఓ ఊళ్ళో ఉంటుంది ఆవిడ. ఎనభై దాటాయి. కన్ను పోయినవాళ్ళకు గాజు కన్ను చేస్తుంది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఉన్న కంటిని చూస్తూ, మంట మీద గాజుగొట్టాన్ని ఊది, దాని జత తయారుచేస్తుంది. తెల్లగుడ్డు మీద దారంలాంటి ఎర్రగాజుతో నరాలు కూడా దిద్దుతుంది. ప్రతి మనిషికీ ఒకటి అదనంగా చేసి పెడుతుంది, పగిలితే ఇవ్వడానికి. ఆ మనుషులు పోయాక అదనపు కళ్ళు అక్కడే ఉండిపోయాయి. గోడ పొడవునా బల్లపరుపు సొరుగులు, సొరుగుల నిండా దూది, దూదిలో కళ్ళు. అన్నీ పైకే చూస్తుంటాయి.

"వీటన్నిటి మనుషులూ గుర్తున్నారా?" అని ఆమె అడిగితే, ముసలావిడ నవ్వింది. "మనుషులు గుర్తులేరు. చూపులు గుర్తున్నాయి."

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఇప్పుడు ఆవిడ కళ్ళే పోతున్నాయి. చూపు నడిమి నుంచి మసక మొదలైందట. "సినిమా త్వరగా చెయ్యండి. నా చేతులు పని చేస్తుంటే ఎలా ఉంటాయో నేనెప్పుడూ చూడలేదు. చూపంతా కస్టమర్ కంటి మీదే ఉండేది. ఒక్కసారి చూసుకోవాలి" అంది. సినిమా తీసే ఆమె మాటిచ్చింది. చలికాలం అయిపోయేలోపు చూపిస్తానంది.

అక్కడ ఆట్మో తీసేటప్పుడు గదిలో మేం ముగ్గురమే. ఆమె, నేను, ముసలావిడ. పొయ్యిలో బొగ్గు చిటపట తప్ప చప్పుడు లేదు. సొరుగులు తెరిచే ఉన్నాయి.

తిరిగొస్తుంటే పొగమంచు. మధ్యాహ్నం నాలుగుకే హెడ్‌లైట్లు వేయాల్సి వచ్చింది. ఆమె మాట్లాడకుండా వ్యాను నడుపుతోంది. నాకేమో నోరు ఊరుకోదు.

"ఒక సంగతి చెప్పనా? ఆ గదిలో మనం ముగ్గురం. హెడ్‌ఫోనులో నాలుగు ఊపిర్లు వినబడ్డాయి" అన్నాను.

"ఊఁ" అంది ఆమె, నా సంగతి తెలుసు కనక.

"నాలుగో ఊపిరి కాస్త విచిత్రం. ముక్కులోంచి సన్నగా ఈల. కుక్కరు కూతకొచ్చే ముందు ఉంటుందే, అలాగ."

ఆమె ఇండికేటరు వేసింది. రెస్ట్ ఏరియాలోకి తిప్పి, లారీల పక్కన వ్యాను ఆపి, ఇంజను కట్టేసింది.

"ఎక్కడ?"

"ఏది ఎక్కడ?"

"ఆ ఈల. నిమిషంలో ఎక్కడ వచ్చింది?"

"మధ్యలో..."

"మధ్యలో ఊపిరి తీయడే" అంది.

తీసేవాడు కాదే అనలేదు. తీయడే అంది. తర్వాత అద్దంలోంచి పొగమంచునే చూస్తూ చెప్పింది. వాళ్ళాయన చిన్నప్పుడు మంచు మీద జారిపడితే ముక్కు విరిగిందట. ఊపిరి తీస్తే ఈల వేసేది. ఆట్మో పాడవుతుందని నిమిషమంతా ఊపిరి బిగబట్టేవాడట. అరవై అవగానే, ఆమె డాంకె అనేలోపే, ఆగలేక వదిలేసేవాడట.

"నా పాత రికార్డింగులన్నిటి చివరా ఆ ఊపిరి ఉండేది. కత్తిరించి పారేసేదాన్ని. ప్రతిసారీ తిట్టేదాన్ని కూడా, ఒక్క క్షణం ఆగలేవా అని. ఒక్కటి కూడా మిగల్చలేదు."

తమాషాకి అన్నానని అప్పుడే చెప్పేసి ఉంటే పోయేది. నోరు కూడా తెరిచాను. కానీ ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడని వెలుగేదో వచ్చింది. అబద్ధాలకోరు బతికేదే ఆ వెలుగు కోసం. మూసుకున్నాను.

మర్నాడు ఫోను చేసి మళ్ళీ అడిగింది. నాకు ఆమె పద్ధతి తెలుసు కదా. "మధ్యలో అన్నానా? ఇప్పుడు ఆలోచిస్తే చివర్లోనేమో అనిపిస్తోంది" అన్నాను. మూడో రోజు ఎడిటింగ్ గదిలో అడిగింది. "అసలు ఈలో, కిటికీ సందులో గాలో... ఒట్టేసి చెప్పలేను" అన్నాను. ఆ అనుమానంతోనే ఆమె పూర్తిగా నమ్మేసింది. ముప్పై ఏళ్ళు అందరి అబద్ధాలూ పట్టుకున్న మనిషిని ఆమె తాళంచెవితోనే తెరిచాను. దానికి ఆ రోజు లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

రికార్డింగు ఆమె వింది. ఆమె చెవులకు పొయ్యి చప్పుడు తప్ప ఏమీ అందలేదు. తెర మీద శబ్దం గీతల్ని పెద్దవి చేసి చూసింది. గీతకు ముక్కుంటుందా? నేనైతే అసలు వినలేదు. అందులో ఉన్నది నేను కల్పించిందే అయినప్పుడు మళ్ళీ వినడమెందుకు?

ఆ తర్వాత గాజుకళ్ళ సినిమా మూలపడింది. ఆమె పాత చోట్లన్నిటికీ నన్ను తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. రాని రైళ్ళ స్టేషనుకు వెళ్ళాం. సమాధి రాళ్ళ పెరటికి వెళ్ళాం. కెమెరా తీసుకురాలేదు. మైకు పెట్టడం, కదలకుండా నిలబడడం, అంతే. నిమిషం కాస్తా పది నిమిషాలైంది, తర్వాత గంట అయింది. నేను హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుంటే, ఆమె ఎదురుగా కూర్చుని నా ముఖం చూసేది. మైకు కంటే శ్రద్ధగా చూసేది.

"వచ్చాడా?"

"ఇవాళ లేదు."

మంచు కురుస్తున్న ఓ ఆదివారం, ఆ పెరట్లో, ఆమె పెదాలు చలికి నీలంగా మారడం చూసి, ఇంటికి పోదామన్న ఆశతో "వచ్చాడు" అన్నాను. ఇంటికి పోలేదు. ఇంకో రెండు గంటలు కూర్చుంది.

జనవరి చివర్లో గాజుకళ్ళావిడ నాకు ఫోను చేసింది. సినిమా తీసే ఆమె ఫోను ఎత్తడం లేదట.

"నడిమి చూపు మొత్తం పోయిందయ్యా" అంది. "మనిషి ఎదురొస్తే ముఖం ఉండదు. భుజాలు, చెవులు, చుట్టూ అంచులు మాత్రం తెలుస్తాయి. డాక్టరు చూస్తానని ఏప్రిల్‌లో ఓ తారీఖుకి టెర్మిన్ ఇచ్చాడు. అప్పటికి ఈ అంచులు కూడా ఉంటాయో లేదో. నా చేతులు నాకు చూపిస్తారా, చూపించరా?"

నా దగ్గర లేని కథంటూ ఉండదు. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడ సర్వపిండి కాలుస్తోంది. నా ముఖం చూసి పట్టేసింది.

"ఏమైంది? గా సినిమా ఆమెకు ఏం జెప్పినవ్ నువ్వు?"

చెప్పాను. మొదటినుంచీ చెప్పాను. అట్లకాడ పక్కన పెట్టేసింది.

"సచ్చిపోయినాయన ముక్కుతోని ఆటలా? థూ. నీ మొసలి కతలు, నక్క కతలు పిల్లలకు జెప్పుకో. ఆమె మొగడు గాదా ఆయన?"

"నేనేమో సరదాకి..."

"సరదానా? చలిల కూసోవెట్టి ఆమెను సంపుతున్నవ్. అవుతల ఆ ముసలామె కండ్లు పోతున్నయ్. పోయి చెప్పు."

"వచ్చే శనివారం ఎలాగూ కలుస్తాం కదా..."

"శనివారం లేదు, టెర్మిన్ గిర్మిన్ లేదు. రేపే ట్రామెక్కు."

బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తింది. "ఎర్న్‌స్ట్‌హాఫ్ట్, నాన్నా?" అంది. నిజంగానేనా అని. నా మొసలిని నమ్మిన పిల్ల ఆ కళ్ళతో నన్ను చూడడం అదే మొదలు.

మర్నాడు ఎడిటింగ్ గదిలో నిలబడి చెప్పేశాను. నాలుగో ఊపిరి లేదు. ఈల లేదు. పెరట్లో కూడా ఎవరూ రాలేదు. అన్నీ నేను కల్పించినవే.

ఆమె పుదీనా టీ కప్పు బల్ల మీద పెట్టింది.

"చెప్పినందుకు థాంక్స్" అంది. "మీరు రేపు మళ్ళీ వచ్చి చెప్పండి."

మీరు అంది. ఆ దెబ్బ ఇంతని చెప్పలేను.

మూడు రోజులూ వెళ్ళాను. మొదటి రోజు బాగానే మాట్లాడాను, సిద్ధపడి వెళ్ళాను కనక. రెండో రోజు అన్నీ తలకిందులుగా చెప్పాను, పెరటి సంగతి ముందూ పొగమంచు సంగతి వెనకా. మూడో రోజు మీ ముఖంలో వెలుగు చూసి ఆగలేకపోయానన్న ఒక్క ముక్క చెప్పి, ఇంక మాట రాక ఊరుకున్నాను. ఆమె తలూపింది.

"సరే. ఇది నిజమే" అంది. ఆ మధ్యాహ్నమే గాజుకళ్ళ సినిమా తెరిచి పని మొదలుపెట్టింది. నన్ను పొమ్మనలేదు, ఎందుకంటే ఆమెకు చెవులు కావాలి. ఐదు వారాలు పనిచేశాం. ఒక్కసారి కూడా 'నువ్వు' అనలేదు.

ఆఖర్న సొరుగుల మీదుగా కెమెరా మెల్లగా వెళ్ళే దృశ్యం ఒకటుంది. దాని కింద ఆ గది ఆట్మో పరవాలి. ఆ రికార్డింగును నేను మొదటిసారి విన్నది అప్పుడే. బొగ్గు చిటపట. ముసలావిడ చెప్పు ఒకసారి నేలకు రాసుకుంది. యాభై క్షణాలు. యాభై ఐదు. అరవై.

డాంకె అన్న మాటకు ముందు, ఎవరో ఊపిరి వదిలారు. చాలాసేపు బిగబట్టి, ఇక ఆగలేక వదిలిన ఊపిరి. దాని తోకన సన్నగా ఈల.

వెనక్కి తిప్పి విన్నాను. ఉంది. మళ్ళీ విన్నాను. ఉంది. నాదేనేమో అనుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో ఊపిరి బిగబట్టి వదిలి మా ఆవిడను వినమంటే, "నిద్రల గురక గొడ్తవ్ గాని ఈలెయ్యవ్" అంది. ముసలావిడ మైకుకు దూరంగా, పొయ్యి అవతల ఉంది. ఈ ఊపిరి మైకుకు దగ్గర్లో ఉంది, మైకు పట్టుకునే మనిషి నిలబడేంత దగ్గర్లో.

బల్లకు అవతల ఆమె కళ్ళజోడు తీసి నావైపు చూసింది. "ఏమైంది?"

నేను చెప్పిన అబద్ధాలన్నీ ఎవరో ఒకరు నమ్మారు. ఇప్పుడీ నిజం చెబితే ఏమవుతుందో నాకు కనిపించింది. సినిమా మళ్ళీ మూలపడుతుంది. మళ్ళీ మంచులో గంటలు. కొండల్లో ముసలావిడ అంచులు కూడా పోగొట్టుకుంటుంది.

"ఏమీ లేదు. గది చప్పుడే" అన్నాను.

ఆ చివరి క్షణం మాత్రం కత్తిరించలేదు. నా చెయ్యి ఆడలేదు.

మార్చిలో ఓ ఆదివారం మధ్యాహ్నం ముసలావిడ పనిగదిలోనే సినిమా వేశాం. కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడ మీద వేశాం. నడిమి చూపు లేదు కనక ఆవిడ తెరకు పక్కగా కూర్చుంది. ముఖం తలుపువైపు పెట్టి, కంటి కొసతో తెరను చూసింది. గోడ మీద తన చేతులు మంటలో గాజును తిప్పుతుంటే, ఒళ్ళో ఉన్న చేతులు కూడా మెల్లగా తిరిగాయి. చివర్లో సొరుగులొచ్చాయి. పొయ్యి చిటపట వచ్చింది. ఆ ఊపిరి వచ్చింది. నేను ఆమెవైపు చూశాను. ఆమెకు వినబడలేదు.

ఆమె తీగలు చుట్టి వ్యానులో పెట్టడానికి బయటికెళ్ళింది. ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది.

"బాగా పనిచేశాయి కదా నా చేతులు" అంది. తర్వాత మామూలుగా, "మీ ఇంకో ఆయనకు కుర్చీ వేయాల్సింది. సినిమా అంతా తలుపు దగ్గరే నిలబడ్డాడు."

"ఎవరు?"

"ముఖం నాకెవరిదీ తెలియదు కదా. భుజాలు తెలిశాయి. ఊపిరి బిగబట్టినవాడిలా పైకి లాక్కుని ఉన్నాడు."

తిరుగు ప్రయాణంలో ఆమే వ్యాను నడిపింది. మేం ఆగిన ఆ రెస్ట్ ఏరియా దాటాక, ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"ఆ చివర్లో నాకు వినబడనిది ఏమైనా ఉందా? నువ్వు చెప్పు."

నువ్వు అంది.

"లేదు" అన్నాను.

ఒక వారం తర్వాత ముసలావిడకు ఫోను చేసి, తలుపు దగ్గర మనిషి సంగతి మళ్ళీ అడిగాను. "తలుపు దగ్గరా? కాదే, పొయ్యి పక్కన. చేతిలో టోపీ ఉంది" అంది. వేసవిలో వెళ్ళినప్పుడు మూడోసారి అడిగాను. అప్పటికి ఆవిడకు అంచులు కూడా లేవు. వేళ్ళతో నా ముఖం తడిమి, "ఎవరూ లేరు నాయనా, మనం ముగ్గురమే కదా" అంది. మూడు రోజులు, మూడు జవాబులు. ఆమె పద్ధతి ప్రకారం దీన్ని ఏమనాలో మీకు తెలుసు.

ఆమె మాత్రం ఆ రోజు వ్యానులో అడిగిన ప్రశ్న ఇంకా రెండుసార్లు అడగాల్సి ఉంది. ఎదురుచూస్తూనే ఉన్నాను. ఇప్పుడు హైడెల్‌బర్గ్‌లో ఒకాయన మీద కొత్త సినిమా తీస్తున్నాం. ఊళ్ళో ఎవరింట్లో పియానో అమ్మేసినా, అది ఉన్న గోడకు మిగిలిపోయిన మరకను ఫోటో తీసే మనిషి. వెళ్తాం, వస్తాం, వ్యానులో వాతావరణం గురించీ మా అమ్మాయి చదువు గురించీ మాట్లాడుకుంటాం. ఆమె అడగదు.

ఆట్మో తీసేటప్పుడు ఒక్క మార్పు వచ్చింది. వేళ్ళ మీద అరవై అయిపోయాక కూడా ఆమె డాంకె అనదు. చెయ్యి గాల్లో అలాగే ఉంచి, రెండు క్షణాలు ఆగి, అప్పుడంటుంది. ఆ రెండు క్షణాలూ ఆమె నా ముఖం చూడదు, కిటికీవైపు చూస్తుంది. ఆ రెండు క్షణాలూ నేను హెడ్‌ఫోను మెడ మీదికి జార్చేస్తాను.